గుంటూరులో తయారైన ప్రశ్నావళి కొరియన్‌లోకి వెళ్తే, ఇక్కడి కటాఫ్ అక్కడ చెల్లుతుందా?

ప్రశ్న (క్లినికల్ సైకాలజిస్ట్, గుంటూరు)

అందరికీ నమస్కారం. పిల్లల ఎదుగుదల, ప్రవర్తన సమస్యలను చూసే ఒక కేంద్రంలో గుంటూరులో పనిచేస్తున్నాను. 6 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం మా బృందం రూపొందించుకున్న స్క్రీనింగ్ ప్రశ్నావళి ఒకటి ఉంది. దానికి తెలుగు, ఇంగ్లిష్ ప్రతులు రెండూ ఉన్నాయి. గత 6 నెలల్లో పిల్లవాడి తీరు ఎలా ఉందో ఆలోచించుకుని, ప్రతి వాక్యం ఎదురుగా ఉన్న ‘కాదు’, ‘కొంతవరకు’, ‘అవును’ అనే మూడు గడుల్లో ఒకదానిలో తల్లి గానీ తండ్రి గానీ టిక్కు పెట్టాలి. మొత్తం స్కోరు మేము పెట్టుకున్న కటాఫ్‌ను దాటితే పిల్లవాడిని పూర్తి పరీక్షకు పిలుస్తాము తప్ప, ఆ స్కోరును బట్టి ఏ జబ్బునూ నిర్ధారించము.

గతంలో మాతో కలిసి పనిచేసిన సహోద్యోగి ఒకరు ఇప్పుడు దక్షిణ కొరియాలో పరిశోధన చేస్తున్నారు. వారి బృందం మా ప్రశ్నావళిని కొరియన్‌లోకి తెచ్చి, అక్కడి ప్రాథమిక పాఠశాల పిల్లల తల్లిదండ్రుల చేత నింపించి, రెండు చోట్ల ఫలితాలను పోల్చి చూడాలనుకుంటోంది. ఇంగ్లిష్ ప్రతి నుంచి ఇద్దరు విడివిడిగా అనువదించారు. ఆ రెండింటినీ కలిపి ఒక ప్రతి చేశారు. అసలు ప్రతిని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆ తిరుగు అనువాదం మా ప్రతితో దాదాపు అక్షరాలా సరిపోయింది. అక్కడితో అనువర్తన పని ముగిసిందని వారి అభిప్రాయం. కొరియా పిల్లలకు సొంత నార్మ్స్ (ఆ జనాభాలో మామూలుగా వచ్చే స్కోర్ల ప్రమాణాలు) తయారయ్యే వరకు గుంటూరు కటాఫ్‌నే వాడతామని, అందుకు మా సమ్మతి కావాలని రాశారు.

నాకు ఇక్కడే మనసు ఒప్పుకోవడం లేదు. మా కేంద్రంలో ఒక తల్లి ఈ మధ్య ప్రశ్నావళి నింపుతూ, ‘పెద్దలు చెప్పిన మాట వింటాడు’ అన్న వాక్యం దగ్గర పెన్ను ఆపి, పక్కనే కూర్చున్న అత్తగారి వైపు ఒకసారి చూసి, ‘కొంతవరకు’ గడిలో టిక్కు పెట్టారు. తరువాత విడిగా మాట్లాడినప్పుడు, బాబు నాయనమ్మ మాట వింటాడనీ, తన మాట మాత్రం బొత్తిగా వినడనీ, ఏది రాయాలో తోచక మధ్య గడి ఎంచుకున్నాననీ చెప్పారు. ఒకే ఊళ్లో, ఒకే భాషలో, మేము ఎదురుగా ఉండగానే ఒక టిక్కు వెనుక ఇంత ఉన్నప్పుడు, కొరియాలోని తల్లి పెట్టే టిక్కును మా అంకెలతో ఎలా కొలవగలం? అయితే నా అనుమానం ఒక్కటే సమ్మతి నిరాకరించడానికి చాలదు. ఇతర దేశాల అనుభవంలో దీనికి గట్టి ఆధారాలు ఉన్నాయా? కటాఫ్ మాట ఎత్తడానికి ముందు వారి నుంచి మేము ఏయే రుజువులు కోరాలి? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం 1 (పిల్లల మానసిక వైద్యులు, విజయవాడ)

మేడమ్, మీరు సమ్మతి ఇవ్వకపోవడమే సరైనదని నా స్పష్టమైన అభిప్రాయం. ‘తాత్కాలికంగా’ అన్న మాటకు కూడా ఒప్పుకోవద్దు, ఎందుకంటే తాత్కాలికంగా పెట్టిన కటాఫ్ ఒకసారి ప్రచురణలోకి ఎక్కిందంటే ఇక దాన్ని దించేవారు ఉండరు.

కటాఫ్ ఎలా పుడుతుందో చూస్తే విషయం తేటపడుతుంది. పిల్లల బలాలనూ, ఇబ్బందులనూ అడిగే, మన రంగంలో అందరికీ తెలిసిన ఎస్‌డీక్యూ ప్రశ్నావళినే తీసుకోండి. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన ఈ ప్రశ్నావళిలో 25 వాక్యాలు ఉంటాయి. పిల్లల మంచి గుణాలకు సంబంధించిన 5 వాక్యాలు పోగా, మిగిలిన 20 వాక్యాల మీద మొత్తం సమస్యల స్కోరు 0 నుంచి 40 వరకు వస్తుంది. తల్లిదండ్రుల ఫారంలో 17 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ‘అసాధారణం’ అని మొదట్లో గీత గీశారు. ఆ 17 అనే అంకె ఏ జబ్బు స్వభావం నుంచీ పుట్టలేదు. బ్రిటన్ పిల్లల్లో సుమారు 10 శాతం ఆ పైన, మరో 10 శాతం సరిహద్దులో, 80 శాతం కింద పడేలా చూసి పెట్టిన గీత అది. అక్కడి తల్లిదండ్రులు అక్కడి పిల్లల గురించి ఇచ్చిన జవాబులు ఎలా పరుచుకున్నాయో దానికి తగినట్టు గీసిన గీతను మరో జనాభా మీదికి తీసుకుపోతే దానికి ఆ అర్థం మిగలదు.

మీరు అడిగిన గట్టి ఆధారం 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో దొరుకుతుంది. బంగ్లాదేశ్, బ్రెజిల్, బ్రిటన్, భారత్, నార్వే, రష్యా, యెమెన్ దేశాల పిల్లల మీద ఎస్‌డీక్యూ ఫలితాలనూ, విడిగా చేసిన రోగ నిర్ధారణ ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రశ్నావళి ప్రకారం దేశాల మధ్య కనిపించిన హెచ్చుతగ్గులు, నిర్ధారణలో తేలిన హెచ్చుతగ్గులతో పొంతన కుదరలేదు. ఒక దేశంలో స్కోర్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన అక్కడ రుగ్మతలు ఎక్కువని చెప్పలేమనీ, ఏ జనాభాకు ఆ జనాభా నార్మ్స్ ఉండాలనీ ఆ పరిశోధకులు తేల్చారు. మన దేశం కూడా అందులో ఉంది కాబట్టి ఈ ఒక్క అధ్యయనాన్ని చూపించినా మీ మాట నిలబడుతుంది.

దీనికి కారణం జవాబు చెప్పే పెద్దల కొలమానంలో ఉంటుంది. థాయ్‌లాండ్, అమెరికా బడిపిల్లల మీద జాన్ వైజ్ బృందం చేసిన పని నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. థాయ్ ఉపాధ్యాయులు తమ విద్యార్థుల్లో సమస్యలు ఎక్కువని రాశారు. శిక్షణ పొందిన పరిశీలకులు తరగతి గదిలో కూర్చుని స్వయంగా నమోదు చేసినప్పుడు మాత్రం థాయ్ పిల్లల్లో సమస్య ప్రవర్తన అమెరికా పిల్లలతో పోలిస్తే సుమారు సగమే ఉంది. నెమ్మదిగా ఉండే పిల్లల మధ్య పనిచేసే గురువుకు కొద్దిపాటి అల్లరి కూడా పెద్దగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 1992లో వచ్చిన మరో అధ్యయనంలో చైనా, ఇండోనేషియా, జపాన్, అమెరికా నిపుణులకు కొందరు మగపిల్లల వీడియోలు చూపించి అతిచురుకుదనానికి మార్కులు వేయమన్నారు. వీడియోలు అవే అయినా చైనా, ఇండోనేషియా వారు మిగిలిన ఇద్దరికన్నా గణనీయంగా ఎక్కువ వేశారు. నిపుణులే ఇలా చూస్తున్నప్పుడు తల్లిదండ్రుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

కొరియాకు సంబంధించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. సోల్ పక్కనే ఉన్న గోయాంగ్ నగరంలో ఆటిజం మీద జరిగి, 2011లో ప్రచురితమైన అధ్యయనం మన రంగంలో చాలా పేరు పొందింది. కొరియన్‌లోకి తెచ్చిన ఏఎస్ఎస్‌క్యూ అనే 27 ప్రశ్నల ఆటిజం స్క్రీనింగ్ ప్రశ్నావళిని 7 నుంచి 12 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల చేత నింపించి, స్కోరు ఎక్కువ వచ్చినవారికి పూర్తి నిర్ధారణ పరీక్షలు చేశారు. ఆటిజం 2.64 శాతం పిల్లల్లో ఉన్నట్టు అంచనాకు వచ్చారు. అలా తేలిన వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మామూలు బడుల్లో, ఏ నిర్ధారణా చికిత్సా లేకుండా చదువుకుంటున్నవారే. కుటుంబం మీద పడే మచ్చకు జడిసి అక్కడి తల్లిదండ్రులు ఆటిజం అన్న పేరుకు దూరంగా ఉండేవారని ఆ బృందంలోని మానవశాస్త్రవేత్త రాశారు. తోబుట్టువుల పెళ్లి సంబంధాల గురించి బెంగపడే తల్లిదండ్రులను రోజూ చూసే మనకు ఇది కొత్త సంగతి కాదు. అయితే ఆ భయం ఏ వాక్యం దగ్గర, ఎంత మేరకు జవాబును కిందికి లాగుతుందో ఊరూరికీ మారుతుంది. గుంటూరు కటాఫ్‌లో గుంటూరు భయాలు కూడా కలిసి ఉన్నాయి.

సమాధానం 2 (గణాంకశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు)

డాక్టర్ గారి మాటలతో పూర్తిగా ఏకీభవిస్తూ, రుజువుల విషయం నేను చెబుతాను.

తిరుగు అనువాదం సరిపోవడం అవసరమే కానీ, అది చాలా చిన్న మెట్టు. నిజానికి అతిగా సరిపోతే నాకు అనుమానం కలుగుతుంది. అనువాదకుడు ఇంగ్లిష్ వాక్య నిర్మాణాన్ని పట్టుకుని మాటకు మాట పెట్టినప్పుడు తిరుగు అనువాదం అద్భుతంగా కలుస్తుంది, చదివే తల్లికి మాత్రం వాక్యం కొరుకుడు పడదు. అందుకే 2000లో బీటన్, ఆమె సహచరులు ప్రచురించిన మార్గదర్శకాల్లో అనువాదం, సంశ్లేషణ (రెండు అనువాదాలను ఒకటి చేయడం), తిరుగు అనువాదం తరువాత నిపుణుల సంఘం, ఆ పైన 30 నుంచి 40 మందితో ముందస్తు పరీక్ష అని ఇంకా రెండు దశలు ఉన్నాయి. కొరియా బృందం మూడో దశ దగ్గరే ఆగిపోయింది.

ముందస్తు పరీక్షలో టిక్కులు లెక్కపెడితే ప్రయోజనం లేదు. ఒక్కో తల్లినీ కూర్చోబెట్టి, ఈ వాక్యం చదవగానే ఏ సంఘటన గుర్తుకొచ్చింది, ఎవరి పిల్లలతో పోల్చుకున్నారు, ‘కొంతవరకు’ ఎందుకు ఎంచుకున్నారు అని నెమ్మదిగా అడగాలి. మీ కేంద్రంలోని ఆ తల్లి విడిగా చెప్పిన సంగతి సరిగ్గా ఇటువంటి సమాచారమే. ప్రతి వాక్యానికీ ఆ జవాబులను రాసి పంపమని అడగండి. వాటిని చదివితే ఏ వాక్యాలు తిరగరాయాలో మీకే తెలిసిపోతుంది.

తిరగవేసి స్కోరు చేసే వాక్యాల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. ఎస్‌డీక్యూలో ‘కనీసం ఒక మంచి స్నేహితుడు ఉన్నాడు’ వంటి 5 వాక్యాలకు ‘అవును’ అంటే 0, ‘కాదు’ అంటే 2 వేస్తారు. మీ ప్రశ్నావళిలోనూ ‘మాట వింటాడు’ అటువంటిదే అనుకుంటాను. అలసిపోయిన తల్లి పై నుంచి కింది దాకా ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయిందంటే, మిగతా వాక్యాల్లో ఏ సమస్యా లేని పిల్లవాడికి ఈ వాక్యాల వల్ల మార్కులు చేరతాయి. రెండు దేశాల్లో ఈ అలవాటు ఒకే స్థాయిలో ఉంటుందన్న హామీ లేదు.

తరువాత అసలు పరీక్ష, అంటే కొలత సమానత్వం. సమస్య తీవ్రత సమానంగా ఉన్న ఇద్దరు పిల్లలను ఊహించుకోండి, ఒకరు గుంటూరులో, ఒకరు కొరియాలో. ఏ తీవ్రత దగ్గర గుంటూరు తల్లి టిక్కు ‘కొంతవరకు’ నుంచి ‘అవును’కు జరుగుతుందో, కొరియా తల్లి టిక్కు కూడా అక్కడే జరుగుతోందా అన్నది తేలాలి. ముందు రెండు చోట్లా వాక్యాలు అవే గుంపులుగా కూడుతున్నాయా, తరువాత ప్రతి వాక్యానికీ ఆ గుంపుతో ఉన్న బంధం సమానమా, చివరగా గడి మారే హద్దులు సమానమా అని ఒక్కో మెట్టు ఎక్కాలి. చివరి మెట్టు దాటితేనే సగటు స్కోర్లను పోల్చే హక్కు వస్తుంది. మూడే గడులు కాబట్టి జవాబులను మామూలు అంకెల్లా కాక, క్రమం మాత్రమే ఉన్న వర్గాలుగా లెక్కించాలి. రెండు వైపులా కొన్ని వందల ఫారాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. కొన్ని వాక్యాలు తప్పుకున్నా నిరాశపడనక్కర్లేదు, ఏవి తప్పుకున్నాయో తెలియడం కూడా ఫలితమే. సొంతగడ్డ మీద కూడా అన్ని ఉపవిభాగాలూ బలంగా ఉండవు. 2001లో గుడ్‌మన్ 10,438 మంది బ్రిటన్ పిల్లల మీద ప్రచురించిన వ్యాసంలో ఎస్‌డీక్యూ తల్లిదండ్రుల ఫారంలోని తోటివారితో సమస్యల విభాగానికి ఆల్ఫా (ఒక విభాగంలోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మేలు) 0.57 మాత్రమే.

ఇక కటాఫ్. దాన్ని కొరియాలోనే, పూర్తి నిర్ధారణ జరిగిన కొరియా పిల్లల మీద గీయాలి. అప్పుడు కూడా ఒక లెక్క మరువకూడదు. 1,000 మంది బడిపిల్లల్లో 50 మందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే ప్రశ్నావళి మన చేతిలో ఉంటే, 40 మంది నిజంగా దొరుకుతారు, సమస్య లేని 95 మంది కూడా వారితో పాటు వస్తారు. మొత్తం 135 ఇళ్లకు కబురు వెళ్తే, అందులో 95 ఇళ్లు అనవసరంగా కంగారు పడతాయి. కటాఫ్ ఒక్క మార్కు అటూ ఇటూ జరిగితే ఈ అంకెలు చాలా మారిపోతాయి. అరువు కటాఫ్‌తో ఇది ఏ వైపు జరుగుతుందో ముందుగా చెప్పే దారే లేదు.

కొరియాలో పిల్లల ప్రవర్తన మీద తల్లిదండ్రులు నింపే సీబీసీఎల్ అనే మరో ప్రశ్నావళికి 1990లలోనే ప్రమాణీకరించిన కొరియన్ రూపం ఉంది, ఎస్‌డీక్యూకు కూడా కొరియన్ రూపం ఉంది. వాటిలో ఒకదాన్ని మీ ప్రశ్నావళితో పాటు అదే తల్లిదండ్రులకు ఇవ్వమనండి. అనుమతుల నిబంధనలు ఎలాగూ పాటించాలి. రెంటికీ పొంతన ఎంత ఉందో తేలుతుంది, మీ ప్రశ్నావళి వల్ల అదనంగా తెలిసేది ఏమిటో కూడా తేలుతుంది. అదనంగా ఏమీ తెలియకపోతే ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న కూడా వారు వేసుకోవాలి.

సమాధానం 3 (విజయవాడ వాసి, ప్రస్తుతం దక్షిణ కొరియాలోని సువోన్‌లో)

నేను ఈ రంగానికి చెందినదాన్ని కాను, ఇక్కడి ప్రాథమిక బడిలో చదువుతున్న బాబుకు తల్లిని. పటమటలో పుట్టి పెరిగాను. ఈ చర్చ చూశాక తల్లిదండ్రుల వైపు నుంచి కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

ఇక్కడి తల్లులకు ఇటువంటి ప్రశ్నావళి కొత్త కాదు. పిల్లలు 1వ, 4వ తరగతుల్లో ఉన్నప్పుడు బడి ద్వారా భావోద్వేగాలు, ప్రవర్తన మీద ఒక ప్రశ్నావళి వస్తుంది, తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో నింపాలి. మిడిల్ స్కూల్, హైస్కూల్ మొదటి సంవత్సరాల్లో పిల్లలే నింపుతారు. మా బాబు ఒకటో తరగతిలో ఉండగా నాకూ వచ్చింది. దాని గురించి తల్లులు ముందే మాట్లాడుకుంటారు. నిజం రాస్తే బడి నుంచి ఫోన్ వస్తుందా, పిల్లవాడికి ఏదైనా పేరు పడుతుందా అని నన్ను అడిగినవారు ఉన్నారు. కాబట్టి మీ ప్రశ్నావళి బడి ద్వారా వస్తే ఒక రకంగా, ఆసుపత్రిలో ఇస్తే మరో రకంగా జవాబులు వస్తాయని నా అభిప్రాయం. మీ గుంటూరు ఫారాలు కేంద్రానికి తమంతట తాము వచ్చిన తల్లిదండ్రులవి కదా, అక్కడే తేడా మొదలవుతుంది.

పిల్లల వయసు దగ్గర చాలా జాగ్రత్త అవసరం. ఇక్కడి పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1న మరో ఏడు కలుపుతారు. డిసెంబరు చివరిలో పుట్టిన పాప కొన్ని రోజులకే రెండేళ్లది అయిపోతుంది. 2023 జూన్ 28 నుంచి చట్టపరంగా అంతర్జాతీయ లెక్కనే పాటిస్తున్నా, ఇళ్లలో, ముఖ్యంగా పెద్దవాళ్ల నోట పాత లెక్క ఇంకా వినిపిస్తుంది. ఫారంలో ‘వయసు’ అని అడగకుండా పుట్టిన తేదీ అడిగితే ఈ చిక్కు ఉండదు.

బడులు ఇక్కడ మార్చిలో మొదలవుతాయి. మన దగ్గర జూన్‌లో తెరుస్తారు. ‘గత 6 నెలలు’ అంటే ఏప్రిల్‌లో నింపే కొరియా తల్లికి పాత తరగతి, చలికాలం సెలవులు, కొత్త తరగతి అన్నీ కలిసి వస్తాయి. ఒకటో తరగతి తల్లికైతే సగానికి పైగా కిండర్‌గార్టెన్ రోజులే. రెండు దేశాల్లోనూ బడి తెరిచి ఒకే కాలం గడిచాక నింపించడం మంచిది.

ఇంకో సంగతి, పిల్లలు ఇంట్లో ఎంతసేపు ఉంటారన్నది. బడి వదలగానే చాలామంది హగ్వాన్ అనే ప్రైవేటు తరగతులకు వెళ్తారు. పెద్ద పిల్లల విషయంలో ఇది ఎంత దూరం వెళ్లిందంటే, సోల్‌లో రాత్రి 10 గంటలకు వాటిని మూసివేయాలన్న నిబంధన పెట్టాల్సి వచ్చింది. చిన్నపిల్లలు అంతసేపు ఉండరు కానీ, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు పిల్లవాడిని మెలకువగా చూసేది సాయంత్రం కొద్దిసేపే. ఆ సమయంలో అలసటతో పేచీ పెట్టే పిల్లవాడే వారికి తెలిసిన పిల్లవాడు. మన వైపు హాస్టల్లో వేసిన పిల్లవాడి గురించి తల్లిని అడిగితే ఆదివారం ఫోన్‌లో విన్నదే చెబుతుంది కదండీ. రోజుకు ఎన్ని గంటలు పిల్లవాడితో గడుపుతారు అన్న ప్రశ్న ఒకటి ఫారం పైభాగంలో చేర్చితే బాగుంటుంది.

చివరిగా, ఇక్కడ వియత్నాం, చైనా వంటి దేశాల నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన తల్లులు చాలామంది ఉన్నారు. వారికి కొరియన్ నేర్చుకున్న భాష. సోల్‌లో డిగ్రీ చదివిన తల్లులతోనే ముందస్తు పరీక్ష చేసేసి ఊరుకుంటే వీరు మిగిలిపోతారు, నాలాంటివారు కూడా.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కటాఫ్‌కు సమ్మతి ఇవ్వడం లేదని, పైన చెప్పిన ఏడు దేశాల అధ్యయనాన్ని ప్రస్తావిస్తూ ఈ రోజే వారికి రాస్తాను. ముందస్తు పరీక్షలోని ప్రతి జవాబునూ వాక్యాలవారీగా పంపమనీ, పుట్టిన తేదీ, ఫారం నింపినవారు పిల్లవాడికి ఏమవుతారన్నది, రోజుకు ఎన్ని గంటలు కలిసి ఉంటారన్నది చేర్చమనీ కోరతాను. ఇవే మార్పులు మా ఫారంలోనూ చేస్తాము. మా పట్టణంలో నాయనమ్మలు, అమ్మమ్మలు నింపే ఫారాలు తక్కువేమీ కాదు, ఉర్దూ మాట్లాడే తల్లులు తెలుగు ఫారం నింపడమూ ఉంది. సువోన్ నుంచి రాసిన సోదరి చెప్పినట్టు మా ఫారాలు కేంద్రానికి వచ్చినవారివే కాబట్టి, పోలిక మొదలుపెట్టే ముందు గుంటూరులోనూ బడుల ద్వారా కొన్ని వందల ఫారాలు సేకరించాలి.

ఒక సందేహం మిగిలింది. కటాఫ్ లేకుండా కొరియా బృందం పైలట్ దశలో ఏ పిల్లలను పూర్తి పరీక్షకు పంపాలి? ఎవరినీ పంపకపోతే, నిజంగా సహాయం కావలసిన పిల్లవాడు ఆ కాగితాల మధ్యే ఉండిపోతాడు.

సమాధానం 1 (పిల్లల మానసిక వైద్యులు, విజయవాడ)

మేడమ్, దీనికి గోయాంగ్ బృందం అనుసరించిన మార్గాన్నే కొంత విస్తరించి సూచిస్తాను. పరిశోధన కోసం స్కోర్ల వరుసలో పైన ఉన్నవారిని ఎక్కువగా, మధ్యలో ఉన్నవారిలో కొందరిని ఎంపిక చేసి పరీక్షించాలి. వీరితో పాటు తక్కువ స్కోరు వచ్చినవారిలో కూడా చీటీ పద్ధతిన కొందరిని తప్పక తీసుకోవాలి. కిందివారిని చూడకపోతే ప్రశ్నావళి ఎవరిని వదిలేస్తోందో ఎన్నటికీ తెలియదు, రేపు గీయబోయే కటాఫ్‌కు పునాదీ ఉండదు.

పిల్లల క్షేమం కోసమైతే స్కోరుతో సంబంధం లేని రెండు దారులు తెరిచి ఉంచాలి. ఫారం చివర ‘మీ పిల్లవాడి గురించి మీకు ఆందోళన ఉందా, ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటున్నారా’ అని సూటిగా అడిగి, అవునన్న ప్రతి ఒక్కరికీ వారం లోపు ఫోన్ చేయాలి. తనను తాను గాయపరచుకోవడం, ఇతరుల చేతిలో దెబ్బలు తినడం వంటి వాక్యాలకు ‘అవును’ వస్తే మొత్తం ఎంతైనా సరే అదే రోజు చూడాలి. అక్కడ బడికి అనుబంధంగా ఉన్న సలహా కేంద్రాలతో, ఇక్కడ ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా స్థాయి పిల్లల కేంద్రాలతో ముందే మాట్లాడి, ఎంతమందిని చూడగలరో తెలుసుకున్నాకే ఫారాలు పంచండి. చూసేవారు లేనప్పుడు స్క్రీనింగ్ చేయడం ఆ తల్లిదండ్రులకు న్యాయం కాదు. ఈ ఏర్పాటు రాతపూర్వకంగా ఉంటే నైతిక కమిటీ కూడా అడ్డు చెప్పదు. ముసాయిదా సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి నా అభిప్రాయం రాస్తాను.